కాలువ గట్టు ఇంటర్వెల్సా, కొండపల్లి రాళ్లా? చేతిలో పది వారాలున్న మౌంటెన్ బైక్ (ఎంటీబీ) రేసు

రైవస్_29
అందరికీ నమస్కారం. డిసెంబరు చివర్లో క్రాస్ కంట్రీ రేసు ఉంది. రౌండు సుమారు 12 నిమిషాలు, ఐదు రౌండ్లు. బండి 29 అంగుళాల చక్రాల హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేనిది), ముందు 100 మి.మీ. కుదుపు మింగే ఫోర్కు, పెడళ్ల దగ్గర 32 పళ్ల చెయిన్‌రింగు, వెనక 11 నుంచి 50 పళ్ల గేర్ల క్యాసెట్. నా బరువు 68 కిలోలు. వారానికి ఏడు గంటలకు మించి కుదరదు. నాలుగు రోజులు పొద్దున గంటంబావు, శనివారం రెండు గంటలు. విజయవాడలో ఇంటి చుట్టూ అంతా చదునే. ఈ టైమంతా కాలువ గట్టు మీద ఇంటర్వెల్స్‌కి (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా తొక్కడానికి) పెట్టాలా, కొండపల్లి వైపు వెళ్లి రాళ్ల మీద దిగడం నేర్చుకోవాలా?

గట్టుగాలి
ముందు ఇంజను తమ్ముడూ, అంటే కాళ్ల బలం, ఊపిరి. రేసులో ఎక్కువసేపు గడిచేది ఎక్కుడులోనే, కాబట్టి టైము దొరికేది కూడా అక్కడే. మంగళవారం: 30 సెకన్లు గట్టిగా, 15 సెకన్లు వదులుగా, అలా 13 సార్లు. మూడు నిమిషాలు మెల్లగా తొక్కి మళ్లీ అదే. మొత్తం మూడు సెట్లు. గురువారం: నాలుగు నిమిషాలవి ఐదు, మధ్యలో మూడేసి నిమిషాల విరామం. తొక్కే బలాన్ని వాట్లలో చూపే పవర్ మీటర్ లేకపోతే ఊపిరే కొలత. మూడో నిమిషంలో రెండు మాటలకు మించి పలకగలిగితే తక్కువ తొక్కుతున్నట్టు. అందరూ చేసే తప్పు మొదటి దాంట్లోనే ఉన్నదంతా ఊడ్చేసి నాలుగో దానికి చతికిలబడటం. గట్టు పక్కన కరెంటు స్తంభాలు లెక్కపెట్టుకో. ఐదోసారి కూడా మొదటిసారి దాటినన్ని స్తంభాలు దాటాలి. ప్రతిసారీ ఒకే దిక్కుకు, ఎదురుగాలికే తొక్కు, లేకపోతే లెక్క కుదరదు. మిగతా రెండు పొద్దులూ తేలిక, నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి ఆడేంత తేలిక.

ఇంకోటి. చదునులో పెడల్ నిమిషానికి 95 సార్లు తిరుగుతుంది, నిట్టనిలువు ఎక్కుడులో 60, 65. అందుకని గురువారం వాటిలో రెండు వెనక 11 పళ్ల కాగ్ (అన్నిటికంటే బరువైన గేరు) మీద, సీటు మీంచి లేవకుండా, 65 దగ్గర తొక్కు. మోకాలి చిప్ప ముందు నొప్పి పుడితే ఆ రోజుకి ఆపేయాలి, సీటు ఎత్తు చూసుకోవాలి.

కొండవీటి_మలుపు
గట్టుగాలి గారూ, ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను కొట్టినట్టుంది మీ ప్లాను. లెక్క చూద్దాం. మనిషీ బండీ కలిపి 80 కిలోలు. గంటకు 25 కి.మీ. వేగంలో మలుపు ముందు భయపడి 12కి తగ్గిస్తే బ్రేకులో కాలిపోయిన శక్తి 1,485 జౌళ్లు. మళ్లీ 25 అందుకోవడానికి 250 వాట్లతో ఆరు సెకన్లు తొక్కాలి. రౌండుకి ఇలాంటివి 20 మలుపులుంటే రెండు నిమిషాల తొక్కుడు బూడిదలో పోసినట్టే. ఇంటర్వెల్స్ చేసి తెచ్చిన బలమంతా బ్రేకు ప్యాడ్లకి ధార పోస్తారా?

నేర్చుకోవడానికి కొండే అక్కర్లేదు. ఖాళీ స్థలంలో ఇటుకలు పెట్టి ఎనిమిది అంకె తిప్పు. బ్రేకంతా మలుపు ముందే అయిపోవాలి. మలుపులో వంగేది బండి, నువ్వు కాదు. బయటి వైపు పెడల్ కిందికి, బరువంతా ఆ కాలి మీద. చూపు ముందు చక్రం మీద కాకుండా మలుపు బయటికి తిరిగే చోట. బ్రేకు మీట మీద ఒక్క వేలే, మిగతా మూడూ గ్రిప్ మీద. గులకలో జారేది చాలాసార్లు వేగం వల్ల కాదు, వంగాక ముందు బ్రేకు నొక్కడం వల్ల.

బెంజ్‌సర్కిల్
టైర్లో గాలి ఎంతో అడగలేదేం ఎవరూ?

గట్టుగాలి
కొండవీటి గారి లెక్కలో మోసం ఉంది. మలుపు దగ్గర ఎవరైనా తగ్గాల్సిందే. మీరు నేర్పే పద్ధతిలో 12కి బదులు 16కి తగ్గుతాడనుకుందాం. మిగిలేది 1,485 కాదు, 346 జౌళ్లు. 20 మలుపులకి 6,920. అంటే 250 వాట్ల మీద 28 సెకన్లు. రెండు నిమిషాలు ఎక్కడ, 28 సెకన్లు ఎక్కడ?

కొండవీటి_మలుపు
28 సెకన్లే అనుకోండి. అది రౌండుకి. ఐదు రౌండ్లకి రెండు నిమిషాల ఇరవై సెకన్లు. మీ ఇంటర్వెల్స్ పది వారాల్లో ఐదు శాతం బలం ఇచ్చాయనుకుందాం. రౌండుకి ఐదు నిమిషాల ఎక్కుడులో మిగిలేది 15 సెకన్లు, ఐదు రౌండ్లకి 75. మీ లెక్క ప్రకారమే నాది ఎక్కువ.

గట్టుగాలి
20 మలుపులూ 25 నుంచే బ్రేకు పడే మలుపులా? ఎక్కుడులో మలుపులకి గంటకు 8 కి.మీ. ఉంటుంది, అక్కడ బ్రేకే ఉండదు. ఆ 20 అనే అంకె ఎక్కడ నుంచి తెచ్చారు?

కొండవీటి_మలుపు
మరి మీ ఐదు శాతం ఎక్కడిది? అది నేను మీకు దయతో ఇచ్చిన అంకె.

పల్లేరుకాయ
మీరిద్దరూ అంకెల మీద ఉండండి, నేను టైర్ల సంగతి చెబుతాను. రైవస్ తమ్ముడూ, ట్యూబుతో ఉంటే ముందు 26, వెనక 29 పీఎస్ఐ. అంతకంటే తగ్గిస్తే రాయి మీద రిమ్ము తగిలి ట్యూబుకి పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ అయితే 2.25 అంగుళాల టైరుకి ముందు 19, వెనక 22. బంకులో గాలి పట్టిస్తే 40 దాటిస్తారు. దాంతో గులకలో బండి బంతిలా ఎగురుతుంది, పట్టు ఉండదు. గేజి ఉన్న పంపు ఇంట్లో పెట్టుకో.

కాలువ గట్ల మీద పల్లేరు కాయలు, తుమ్మ కంప. ట్యూబ్‌లెస్ లేకుండా ఇంటర్వెల్ పూర్తి చేయడం కష్టం. టైరుకి 100 మి.లీ. సీలెంటు (చిల్లుల్ని లోపలి నుంచి మూసే ద్రవం) పోయి. మన ఎండకి త్వరగా ఎండిపోతుంది, నెలన్నరకోసారి చక్రం చెవి దగ్గర ఊపి చూడు. గలగల వినపడకపోతే మళ్లీ పోయాలి. ముల్లు గుచ్చుకుంటే అక్కడే పీకకు, ఇంటికొచ్చాక పీకి చక్రం తిప్పు.

చెయిన్‌లూబు
వాన పడ్డ మర్నాడు గుంటూరు వైపు నల్లరేగడి డొంకల్లోకి దిగొద్దు. పది మీటర్లలో చక్రం ఫోర్కులో ఇరుక్కుంటుంది. బలవంతంగా తొక్కితే వెనక గేర్లు మార్చే డిరైల్యూర్‌ని పట్టి ఉంచే హ్యాంగర్ వంగుతుంది. ఆ రోజు కొండల ఎర్ర గ్రావెలే దిక్కు.

గట్టుగాలి
ఒలింపిక్స్ చూడండి. 2024 పారిస్‌ ఎంటీబీ రేసులో బ్రిటన్ రేసర్ టామ్ పిడ్‌కాక్‌కి పంక్చరై చక్రం మార్చాల్సి వచ్చింది. అర నిమిషం పైగా వెనకబడ్డాడు. అయినా అందుకుని గెలిచాడు. అది ఇంజను కాకపోతే ఏంటి?

కొండవీటి_మలుపు
అదే రేసు, అదే పిడ్‌కాక్. చివరి రౌండులో ఫ్రాన్స్ రేసర్ కోరెట్స్కీని దాటింది ఎక్కడ? చెట్టు దగ్గర లైన్లు (బండి పోయే దారులు) విడిపోయేచోట, లోపలి వైపు సందులోంచి. ముందు మనిషి కాళ్లు చూసి కాదు, లైను చూసి దాటాడు. డబ్బు పోసి ట్రైనింగ్ ప్లాన్ కొని, ఎక్కుడులో పట్టుకున్న ఆరుగురూ దిగుడులో మళ్లీ దాటి పోతుంటే చూస్తూ ఉండాల్సి వచ్చిన వాళ్లకి తెలుస్తుంది ఈ బాధ.

గట్టుగాలి
ఇక సూటిగా చెబుతాను. రెండో వారంలోనే కొత్త కుర్రాళ్లని రాళ్ల దిగుడుకి తీసుకెళ్లి, మెడ పక్క ఎముక విరిగితే "నేర్చుకునేటప్పుడు మామూలే" అన్న శిక్షకులున్నారు. ఆ కుర్రాడు మళ్లీ సైకిలెక్కలేదు. మీరు ఇక్కడ లైన్లు, మలుపులు అని రాస్తుంటే చదివే పిల్లలు ఆదివారం పొద్దున ఒంటరిగా పోతారు. బాధ్యత ఎవరిది?

కొండవీటి_మలుపు
ఇదన్నమాట. ఇంతసేపూ జౌళ్ల గురించి పోట్లాడాం. నేను ఒంటరిగా పొమ్మన్నానా? ఇటుకలు అన్నాను, ఖాళీ స్థలం అన్నాను. మీరు ఆ పోస్టు చదవలేదు.

గట్టుగాలి
చదివాను. ఖాళీ స్థలంలో నేర్చిన మలుపు ఏటవాలులో పనికొస్తుందని మీరు నమ్ముతారు, నేను నమ్మను. చదునులో భయం ఉండదు. వాలులో భయం వేయగానే మనిషి ఒళ్లు వెనక్కి లాక్కుంటాడు, ముందు చక్రం మీద బరువు పోతుంది, జారుతుంది. ఆ భయం ఇటుకలతో పోదు. అలసట లేని కాళ్లతో నెమ్మదిగా, ఏళ్ల తరబడి పోవాలి. పది వారాల్లో తెచ్చుకోగలిగింది ఊపిరి ఒక్కటే.

కొండవీటి_మలుపు
నేను దీన్ని ఒప్పుకోను. భయం పోయేది ఒకే చిన్న వాలుని ఇరవై సార్లు దిగితే. మొత్తం కొండ కాదు, ముప్పై మీటర్లు. మొదటి అయిదుసార్లు నడిచి చూడు, రాయి ఎటు కదులుతుందో కాలితో తన్ని చూడు. పెడళ్లు సమానంగా, మడమలు కిందికి, ఛాతీ హ్యాండిల్ మీదికి. పదకొండోసారికి బ్రేకు దానంతటదే తగ్గుతుంది. ఏళ్లు అక్కర్లేదు, ఒకే చోటు కావాలి.

బెంజ్‌సర్కిల్
కొండపల్లి రిజర్వు ఫారెస్టు. వెళ్లే ముందు అటవీ శాఖ వాళ్లని అడగండి, ఉన్న దారి వదలకండి. హెల్మెట్, గ్లౌజులు, పక్కన ఒక మనిషి.

పల్లేరుకాయ
వాదన ఆపి కొలవండి. తమ్ముడూ, శనివారం ఒక చిన్న రౌండు ఎంచుకుని మూడుసార్లు తొక్కు. ఎక్కుడుకి, చదునుకి, దిగుడుకి విడివిడిగా టైము నొక్కు.

రైవస్_29
చేశాను. ఇంటి నుంచి గంట తొక్కుకుంటూ వెళ్లి మొదలుపెట్టాను. పక్కన స్నేహితుడున్నాడు.
(నిమిషాలు.సెకన్లు)
ఎక్కుడు: 4.50, 4.58, 5.40.
చదును: 4.00, 4.05, 4.20.
దిగుడు: 3.10, 3.12, 3.35.

గట్టుగాలి
చూశారా, మూడో ఎక్కుడులో 50 సెకన్లు పోయాయి. దిగుడులో 25. ఇంజనే.

కొండవీటి_మలుపు
అలసిపోయాక దిగుడు 25 సెకన్లు పెరిగిందంటే చేతులు బిగుసుకుని బ్రేకు మీద వేలాడాడని. దిగుడులో తొక్కాల్సిన పనే లేదు కదా, మరి టైము ఎందుకు పోయింది? ఇది పద్ధతి లోపమే.

గట్టుగాలి
అలసిపోకపోతే బిగుసుకోడు.

కొండవీటి_మలుపు
పద్ధతి ఉంటే అంతగా అలసిపోడు.

చెయిన్‌లూబు
తమ్ముడూ, ఒక్క మాట. మొత్తం రెండు గంటలు పట్టి ఉంటుంది. ఏం తాగావు, ఏం తిన్నావు?

రైవస్_29
ఒక బాటిల్ అన్నా, మంచినీళ్లే. 750 మి.లీ. పొద్దున ఏమీ తినకుండా బయల్దేరాను.

చెయిన్‌లూబు
అయితే ఈ అంకెల మీద ఏ తీర్పూ చెప్పలేం. మన ఉక్కలో గంటకు లీటరు పైగా చెమట పోతుంది. వచ్చే శనివారం గంట ముందు రెండు అరటిపళ్లు. లీటరు నీళ్లలో ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్, 45 గ్రాముల పంచదార, అలాంటి లీటర్లు రెండు. అక్కడిదాకా బండి మీద కాకుండా ఆటోలో వేసుకుని వెళ్లు. అదే రౌండు, అదే గాలి, మూడుసార్లు. మొదటి ఎక్కుడు 5.00 కంటే ముందు పూర్తి చేయొద్దు.

కొండవీటి_మలుపు
ఈసారి దిగుడులో బ్రేకు ఎన్నిసార్లు పట్టావో కూడా లెక్కపెట్టు. స్నేహితుణ్ణి కింద నిలబెట్టి వీడియో తీయించు.

గట్టుగాలి
మంగళవారం సెట్లు మానకు. శుక్రవారం మాత్రం కాళ్లకి పూర్తి విశ్రాంతి.