క్రినోలిన్ గౌను వేస్తే పేపర్ డాల్ పడిపోతోంది

ప్రశ్న: పాత ఫ్యాషన్ల పేపర్ డాల్ పుస్తకం పేజీలు జిరాక్స్ తీసి కత్తిరించాను. 1860ల క్రినోలిన్ గౌను (లోపల వలయాల చట్రంతో గంటలా ఉబ్బి ఉండేది) తగిలించగానే బొమ్మ ముందుకు వాలిపోతోంది. భుజాల మీది మడత చెవులూ చిరుగుతున్నాయి. ఏం చేయాలండీ?

జవాబు: బొమ్మకి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో చెప్పే లెక్క) అట్ట, బట్టలకి 100 జీఎస్ఎం కాగితం. గౌను కూడా మందమైతే బరువంతా ముందుకే లాగుతుంది. జిరాక్స్ బొమ్మని అట్టకి అతికించడానికి గమ్ స్టిక్ చాలు, నీళ్ల జిగురు తడికి అట్ట వంకరపోతుంది.

జవాబు: చెవులు 1 సెం.మీ. వెడల్పు ఉంచండి. ఇంకు అయిపోయిన రీఫిల్‌తో, స్కేలు పెట్టి మడత గీత నొక్కి గీసి, అప్పుడు వెనక్కి మడవండి. బ్లేడుతో గీస్తే సరిగ్గా అక్కడే తెగుతుంది.

జవాబు: అసలు స్టాండు ఉందా? పాదాల కింది అట్టకి 1 సెం.మీ. చీలిక, 8 సెం.మీ. అడ్డముక్కకి పైనుంచి అంతే చీలిక. ప్లస్ గుర్తులా దూర్చండి. 1920ల ఫ్లాపర్ (ఆనాటి ఫ్యాషన్ అమ్మాయిల) గౌనుకి ఇంత అవస్థ ఉండదు లెండి, అది నిటారు గొట్టమే!