గట్టు వేరు, బండ వేరు

మాది విజయనగరం. ముప్పై ఏళ్ల నాటి వంటిల్లు బాగుచేయిస్తున్నాం. తాపీమేస్త్రి వచ్చి, పొయ్యి పక్కన రెండు మూడు చోట్ల వేలి కణుపుతో కొట్టి చూసి అన్నాడు: "గట్టు లక్షణంగా ఉందమ్మా, బండే పోయింది. గట్టుంచీసి బండ మార్చీద్దాం."

నేను ఇన్నేళ్లూ ఆ రెండు మాటల్నీ ఒకే వస్తువుకి వాడుతున్నాను. "బండ మీద పెట్టు" అన్నా, "గట్టు తుడు" అన్నా మా ఇంట్లో ఒకటే. మేస్త్రికి కాదు. కింద కట్టిన ఇటుక గోడలూ, వాటి మీద పోసిన స్లాబూ కలిస్తే గట్టు. దాని మీద పరిచిన రాయి బండ. ఈ తేడా తెలియక నేను ముందే ఒకచోట తికమక పడ్డాను. రాళ్ల షాపులో "ప్లాట్‌ఫాంకి ఎంతవుతుంది?" అని అడిగితే వాళ్లు అడుగుకింత అని రాయి ధర చెప్పారు, నేను కట్టుబడీ కలిపే అనుకుని సంతోషంగా ఇంటికొచ్చాను. ప్లాట్‌ఫాం అన్న మాట ఆ రెండింటినీ విడదీయదు. కౌంటర్‌టాప్ అంటే పైరాయి ఒక్కటే. మేస్త్రి మాటల్లో రెండూ ఉన్నాయి, దేని హద్దు దానికుంది.

గట్టు మాట నాకు చాలా నచ్చింది. చెరువుగట్టు, పొలంగట్టు, నూతిగట్టు. చుట్టూ ఉన్న నేలకంటే లేచి నిలబడ్డ ఎత్తు. కష్టం దాటితే గట్టెక్కామంటాం. నూతిగట్టు మీద బిందె దించిన చెయ్యే వంటగట్టు మీద గిన్నె దించింది. నేల మీద కూర్చుని వండేవాళ్లు నిలబడి వండడం మొదలుపెట్టినప్పుడు, ఈ కొత్త ఎత్తుకి పేరు కోసం ఎక్కడికీ పోకుండా నూతి దగ్గరి మాటనే లోపలికి తెచ్చుకున్నారని నాకనిపిస్తుంది. "వంటవేదిక" అని కొందరు రాస్తున్నారు. వేదిక అనగానే నాకు పెళ్లీ సభా కళ్ల ముందుకొస్తాయి గానీ పులుసు కాగడం కనిపించదు.

చిక్కల్లా బండతోనే. వంటింట్లో "బండ అయిపోయింది" అంటే గ్యాస్ సిలిండర్. మరి పైన పరిచే రాయిని మీ ఇళ్లల్లో ఏమంటారు? ఏ రాయి వేయించుకున్నారో కూడా చెప్పండి. మాకు పోయింది కడపబండ.

శ్రీకాకుళం నుంచి, తెలుగు మాస్టారు: అమ్మా, మంచి మాట పట్టుకున్నావు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో మా శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల దగ్గర వాళ్ల భాష నేర్చుకున్నారు. ఆయన పేరు చెప్పి "వాడుక మాటే రాయాలి" అని అందరూ అంటారు. అయితే తెలుగు రాతకి ఆయన కోరింది శిష్టవ్యవహారం, అంటే చదువుకున్నవాళ్లు మాట్లాడుకునే భాష. చదువుకున్న మన ఇళ్లల్లో గట్టూ బండా కలిసిపోయాయి, మేస్త్రి నోట విడిగా నిలిచాయి. ఇలాంటి చోట మన మాట వదిలి మేస్త్రి మాట దాకా వెళ్లాలి. "ఉంచీసి", "మార్చీద్దాం" అని ఉన్నదున్నట్టు రాసినందుకు సంతోషం. వాటిని ఎవరు దిద్దమన్నా దిద్దకు.

గద్వాల నుంచి: మా దిక్కు గట్టు అంటే కొండ. గట్టు పేరుతో మా జిల్లాలో మండలమే ఉన్నది. వంటింట్ల గట్టు అంటే మా అమ్మ నవ్వుతది. అయినా ఎత్తు అన్న భావం రెండింట్లా ఉన్నది గద.

టెక్కలి నుంచి: అప్పా (మా వైపు అక్కని ఇలాగే పిలుస్తాం), మా నాన్న క్వారీలో పనిచేసేవాడు. కొండలోంచి తీసినప్పుడు దాన్ని బండ అనరు, బ్లాకు అంటారు. కోస్తే స్లాబు. మీ ఇంటికొచ్చి గట్టెక్కాకే అది బండవుతుంది.

రాయి సంగతి. కడపబండ సున్నపురాయి. చింతపండు రసం, నిమ్మరసం దాన్ని తినేస్తాయి. మీ బండ మీద నునుపు పోయి తెల్లటి మచ్చలు పడ్డాయంటే కారణం అదే, తుడిచినా పోవు. గ్రానైట్‌ని పులుపు ఏమీ చెయ్యదు. కానీ షాపులో గ్రానైట్ అన్న మాట చాలా పెద్దది, మెరిసే గట్టి రాళ్లన్నిటికీ అదే పేరు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కూడా భూగర్భశాస్త్రం లెక్కలో గాబ్రో అనే వేరే రాయి. రాయి మంచిదే, పేరే వేరు. అందుకని పేరు నమ్మకండి, ముక్క అడగండి. నిమ్మరసం చుక్క వేసి పావుగంటాగి తుడవండి, మెరుపు తగ్గితే అందులో సున్నం ఉన్నట్టు. నల్లరాయైతే గోళ్లరంగు తుడిచే మందు దూదితో రుద్దండి, దూదికి నలుపంటితే రంగేసిన రాయి. లేతరంగు రాయి మీద నీటిచుక్క వదలండి. అక్కడ ముదురు మచ్చ కడితే నూనె కూడా పీలుస్తుంది, పీల్చకుండా ఆపే పూత, సీలర్ అంటారు, అది పూయించాలి.

క్వార్ట్జ్ అని అమ్మేది నూటికి తొంభై పాళ్ల వరకూ రాతిపొడి, మిగతాది రెసిన్ అనే జిగురు. మరక తొందరగా పట్టదు గానీ, పొయ్యి మీంచి దించిన బాణలి నేరుగా పెడితే రెసిన్ మాడి మచ్చ పడుతుంది. మనం దించేది గట్టు మీదికే కదా అప్పా. ఈ క్వార్ట్జ్‌ని కోసేటప్పుడు లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్ని పాడుచేస్తుంది, అందుకే ఆస్ట్రేలియాలో 2024 జూలై 1 నుంచి ఆ రాయిని నిషేధించారు. గ్రానైట్ ధూళీ మంచిది కాదు. సింకు కంత మీ ఇంట్లో కోస్తే నీళ్లు పోస్తూ కొయ్యమనండి, మేస్త్రికి మాస్కు ఇప్పించండి. ఇది మరిచిపోవద్దు.

మా టెక్కలి చుట్టుపక్కల నీలిరంగు గ్రానైట్ దొరుకుతుంది. ఒకసారి వచ్చి చూడండి.

బొబ్బిలి నుంచి: మా అత్తగారు "పైబండ" అంటారండి. గ్యాస్ బండతో గొడవే ఉండదు.

మొదట రాసిన నేనే: పైబండ! ఇంత దగ్గర్లో ఉన్న మాట నాకు తట్టలేదు. తమ్ముడూ, ధూళి సంగతి నాకు తెలీదు, చెప్పినందుకు చాలా సంతోషం. సాయంత్రం మేస్త్రితో "గట్టుంచీసి పైబండ మార్చీద్దాం" అన్నాను, ఒక్క ప్రశ్న వెయ్యకుండా టేపు తీశాడు. పొడుగు 11 అడుగులు, వెడల్పు 2. మాస్కు కూడా మేమే తెస్తామని చెప్పాం. ఆదివారం టెక్కలి వస్తున్నాం. నిమ్మకాయలు సంచిలో పెట్టేశాను.