మనుషులు మారినా పని తీరు ఎందుకు మారదు?

ప్రశ్న (నల్లగొండ):
అందరికీ నమస్కారం. మా మండలంలోని ఒక ధాన్యం కొనుగోలు కేంద్రాన్ని కొన్ని సీజన్లుగా గమనిస్తున్నాను. దాన్ని నడిపే మహిళా సంఘం సభ్యులు మారారు, హమాలీల ముఠా మారింది, లెక్కలు పుస్తకంలోంచి ట్యాబ్‌లోకి వెళ్లాయి. అయినా యాసంగి వడ్లు రాగానే పాత తీరే కనబడుతుంది. తేమ 17 శాతం మించని కుప్పలకు టోకెన్ వరుసలో కాంటా వేయాలని చెబుతారు. కానీ లారీ ఏ పక్కన ఆగితే ఆ పక్కన ఉన్న కుప్పలే ముందు లేస్తాయి. ఎవరూ ఆదేశించని ఈ పద్ధతి ఇంతమంది మారినా ఎలా నిలిచి ఉంటోంది?

జవాబు 1 (మహబూబ్‌నగర్):
సంస్థలను అధ్యయనం చేసేవారు దీన్ని రొటీన్ అంటారు. దానికి రెండు ముఖాలు ఉంటాయని 2003లో మార్తా ఫెల్డ్‌మన్, బ్రయన్ పెంట్లాండ్ వివరించారు: పని ఇలా సాగాలని అందరి మనసులో ఉండే నమూనా ఒకటి, ఆ రోజు ఆ మనుషులు నిజంగా చేసే పని మరొకటి. గోడకు అంటించిన నిబంధనల కాగితం ఈ రెండింటిలో ఏదీ కాదు. కొత్త హమాలీ ఆ కాగితం చదివి పని నేర్చుకోడు, పక్కవాడిని చూసి నేర్చుకుంటాడు.

జవాబు 2 (మిర్యాలగూడ):
పై మిత్రుడు చెప్పింది నిజమే కానీ, అసలు కారణం ఇంకొకటి ఉందని నా అభిప్రాయం. రొటీన్ అంటే సంస్థ జ్ఞాపకం మాత్రమే కాదు, భిన్న ప్రయోజనాల మధ్య కుదిరిన సంధి కూడా అని 1982లోనే ఆర్థికవేత్తలు రిచర్డ్ నెల్సన్, సిడ్నీ వింటర్ రాశారు. హమాలీకి కూలి మోసిన బస్తాల లెక్కన వస్తుంది గనుక దగ్గరి కుప్ప అతనికి మేలు, డ్రైవరుకు లోడు త్వరగా నిండితే మేలు, నిర్వాహకులకు ట్రక్ షీట్ (లారీలో పంపిన ధాన్యం వివరాల పత్రం) ఆ రోజే తయారైతే మేలు. దూరాన కుప్ప పోసిన రైతు ఒక్కడే ఈ సంధికి బయట ఉన్నాడు. మనుషులు మారినా ఈ లెక్క మారలేదు, అందుకే వరుసా మారలేదు.

జవాబు 3 (వనపర్తి):
రొటీన్‌ను కేవలం అడ్డంకిగా చూడకూడదని మనవి. అకాల వర్షం ముంచుకొచ్చిన సాయంత్రం టార్పాలిన్ ఏ కొస ఎవరు పట్టాలో, కాంటా అయిన బస్తాలను ముందు ఎలా కప్పాలో ఎవరూ చెప్పనక్కర లేకుండా జరిగిపోయేది ఆ అలవాటు వల్లనే.

ప్రశ్న అడిగినవారు:
మిర్యాలగూడ మిత్రుడి మాట ప్రకారం, నిబంధనను ఎన్నిసార్లు చదివి వినిపించినా ప్రయోజనం ఉండదు. లారీ నిలిపే చోటును రోజూ టోకెన్ వరుసను బట్టి నిర్ణయించవచ్చు, లేదా దూరపు కుప్పలకు అదనపు కూలి ఇవ్వవచ్చు. రెండోదైతే ఆ కూలి ఎవరు భరించాలన్నది ముందే తేలాలి. అది మళ్లీ ఆ రైతు మీదే పడితే న్యాయం కాదు.