జేబులో పట్టే కెమెరా: రికో జీఆర్ 3 తీసుకోనా, సోనీ ఆర్‌ఎక్స్100 ఏడో మోడల్ తీసుకోనా?

గోదారి_గట్టు:

అందరికీ నమస్కారమండి. రెండు నెలల్నుంచి ఇదే ఆలోచన, యూట్యూబ్ వీడియోలు చూసినకొద్దీ ఇంకా తికమక అవుతోంది తప్ప తేలట్లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. మాది రాజమండ్రి. పెద్ద కెమెరా ఒకటుంది, రెండు లెన్సులు, బ్యాగు, అన్నీ బీరువా పైన పడున్నాయి, పండక్కో పెళ్లికో తప్ప కిందకి దింపట్లేదు. ఈలోగా మా పాపకి మూడేళ్లొచ్చేశాయి, ఇప్పటిదాకా తీసిన ఫోటోలు దాదాపు అన్నీ ఫోన్లోవే. ఫోన్లో చూసుకుంటే బాగానే ఉంటాయండి, కానీ మొన్న ఆల్బమ్ చేయిద్దామని ఒక ఫోటో 12 బై 18 ప్రింట్ వేయిస్తే పాప చర్మం మైనం బొమ్మలా, జుట్టు ఒక ముద్దలా వచ్చింది. మా ఆవిడ చూసి ఇది మన పిల్లలా లేదండీ అంది. ఆ మాట చాలా బాధేసింది.

నాక్కావాల్సింది రోజూ చొక్కా జేబులోనో ప్యాంటు జేబులోనో ఉండే కెమెరా. ఆఫీసు నుంచి ఇంటికొచ్చేసరికి ఏడవుతుంది, అప్పట్నుంచి పాప పడుకునేదాకా ఇల్లంతా పరుగులే, వెలుతురు అంటే ట్యూబ్‌లైటే. పొద్దున్న మా నాన్నగారు అరుగు మీద పేపర్ చదువుతుంటారు, ఆదివారం గట్టు మీద నడక, మార్కెట్టు. ఇంతే నా ప్రపంచం.

చూసి చూసి రెండింటి దగ్గర ఆగాను. రికో జీఆర్ 3, 2019లో వచ్చింది, బ్యాటరీ కార్డు కలిపి 257 గ్రాములే, కానీ లోపల సెన్సర్ (వెలుగుని ఫోటోగా మార్చే చిప్పు) పెద్ద కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సి సైజు, 24 మెగాపిక్సెల్. జూమ్ లేదు, 28 ఎంఎం ఒక్కటే (ఈ నంబరు తక్కువైతే వెడల్పుగా, ఎక్కువైతే దగ్గరగా కనిపిస్తుంది), ఫ్లాష్ లేదు, కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ లేదు. రెండోది సోనీ ఆర్‌ఎక్స్100 ఏడో మోడల్, అదీ 2019దే, 302 గ్రాములు, 24 నుంచి 200 దాకా జూమ్, పైకి లేచే వ్యూఫైండర్, బుల్లి ఫ్లాష్, 4కె వీడియో, కానీ సెన్సర్ ఒక ఇంచి రకం. జూమ్ లేకుండా బతకగలనా, లేక చిన్న సెన్సర్ తీసుకుని మళ్లీ అదే మైనం బొమ్మలు చూస్తానా అనేదే నా భయం. వాడినవాళ్లు చెప్పండి.

పాతబస్తీ_నడక:

అన్నా, నేను జీఆర్ 3 నాలుగేళ్ల నుంచి వాడుతున్న, నాకు దానిమీద ప్రేమ ఎక్కువ, అది ముందే చెప్తున్న, ఆ లెక్కతోనే చదువు.

ఆదివారం పొద్దుగాల చార్మినార్ కాడ మొదలుపెట్టి లాడ్ బజార్ గల్లీలల్ల తిరుగుత. జేబుల చెయ్యి పెట్టి తీసి ఆన్ చేస్తే సెకను లోపల రెడీ అయితది, ఒక్క చేత్తోనే అన్నీ అయిపోతయి. దీంట్ల స్నాప్ ఫోకస్ అని ఉంటది, నువ్వు వీడియోలల్ల వినే ఉంటవు గాని అది ఎందుకు గొప్పదో ఎవరూ సరిగ్గ చెప్పరు. రెండు మీటర్లు అని ముందే పెట్టుకుంటవు, అపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్/8 పెట్టుకుంటవు (ఈ నంబరు చిన్నదైతే రంధ్రం పెద్దది, వెలుగు ఎక్కువ), బటన్ ఒక్కసారే పూర్తిగ నొక్కితే కెమెరా ఫోకస్ కోసం వెతకనే వెతకది, టక్కున ఫోటో వస్తది. లెన్స్ అసలు కొలత 18.3 ఎంఎం (28 అనేది 35 ఎంఎం ఫిల్ము లెక్కల చెప్పే నంబరు) కాబట్టి ఎఫ్/8 కాడ రెండు మీటర్లకి పెడితే సుమారు ఒక మీటరు నుంచి వీధి చివరిదాక అంత స్పష్టంగనే ఉంటది. గాజులమ్మే ఆయన తల ఎత్తి నవ్విన ఆ క్షణం దొరుకుతది. ఈ పద్ధతిల వచ్చిన ఫోటోలు నాకు ఇంక ఏ కెమెరాతోని రాలే.

కాని నీ సంగతి వేరే. ఎఫ్/8 అంటే ఎండల మాట, రాత్రి ఏడింటికి ఇంట్ల ట్యూబ్‌లైట్ కింద ఎఫ్/2.8 పెట్టక తప్పదు, అప్పుడు ఆ స్నాప్ సుఖం చాలా తగ్గుతది, మామూలు ఆటోఫోకస్‌కి రావాలె, ఉరికే పిల్ల మీద దాని ఆటోఫోకస్ సోనీ అంత చురుకు కాదు. ఫోటో నాణ్యత మాత్రం, నేను 20 బై 30 ప్రింట్లు వేయించి గోడకి పెట్టుకున్న, వెంట్రుక వెంట్రుక కనిపిస్తది. జూమ్ లేదని భయపడకు, కాని 28 అంటే దగ్గరికి పోవాల్సిందే. 50 ఎంఎం క్రాప్, అంటే ఫోటో నడుమ భాగం మాత్రమే కత్తిరించుడు, ఉంటది గాని అట్ల చేస్తే 24లో ఏడున్నర మెగాపిక్సెలే మిగుల్తది. 2021లో జీఆర్ 3ఎక్స్ అని 40 ఎంఎంది వచ్చింది, మొహాలకి అది నయం, ఒకసారి అది కూడ చూడు. బ్యాటరీ 200 ఫోటోలకి అటూఇటూ, రెండోది కొనుక్కోవాల్సిందే.

లెన్సు_లెక్కలు:

గుంటూరు నుంచి అండి, పదకొండేళ్లుగా పెళ్లిళ్ల పనే. ఇలాంటి చోట అందరూ సెన్సర్ సైజు ఒక్కటే మాట్లాడతారు, లెన్స్ ఎంత వెలుగు పంపిస్తుందో పక్కన పెట్టేస్తారు, రెండూ కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది.

ముందు ఒక మాట, ఒక ఇంచి సెన్సర్ అంటే అది నిజంగా ఇంచి ఉండదు. పాత వీడియో ట్యూబుల రోజుల్లో పెట్టిన పేరు అలాగే మిగిలిపోయింది. అసలు కొలత 13.2 బై 8.8 ఎంఎం. జీఆర్‌ది 23.5 బై 15.6. వైశాల్యంలో మూడు రెట్ల పైనే. ఇప్పుడు ఏడో మోడల్ లెన్స్ 24 దగ్గర ఎఫ్/2.8, జూమ్ చేస్తే 4.5. జీఆర్ కూడా ఎఫ్/2.8. అంటే ఒకే అపర్చర్, మూడు రెట్ల సెన్సర్, కాబట్టి ఒకే షటర్ స్పీడు దగ్గర జీఆర్ మూడు రెట్ల వెలుగు పోగుచేస్తుంది. మీ ట్యూబ్‌లైట్ గదిలో ఆ తేడా కంటికి కనపడుతుంది.

అయితే మీరు చూడని మోడల్ ఒకటుంది. సోనీ ఆర్‌ఎక్స్100 వరసలోనే ఐదోది, 2016లో వచ్చింది. జూమ్ 24 నుంచి 70 వరకే, కానీ లెన్స్ ఎఫ్/1.8 నుంచి 2.8. సెన్సర్ అదే సైజు. 24 దగ్గర ఎఫ్/1.8తో లెక్కేస్తే జీఆర్‌కి దీనికి తేడా మూడు రెట్ల నుంచి సుమారు 1.3 రెట్లకి దిగిపోతుంది, అది పెద్ద లెక్కలోది కాదు. ఒక మెలిక, జూమ్ కాస్త కదపగానే ఆ 1.8 పోయి గబగబా 2.8 వైపు వెళ్లిపోతుంది, కాబట్టి ఇంట్లో రాత్రిపూట వెడల్పు కొసలోనే ఉండి ఒకడుగు ముందుకేయాలి. కదిలేవాటిని త్వరగా పట్టుకునే ఫేజ్ డిటెక్ట్ ఫోకస్ 315 పాయింట్లతో ఉంది, మూడో, నాలుగో మోడళ్లలో అది లేదు, పరిగెత్తే పిల్లకి అదే ముఖ్యం. కాబట్టి మీ పని రాత్రి ఇంట్లో అయితే కొత్త ఏడో దానికంటే పాత ఐదోదే మేలని నా గట్టి అభిప్రాయం. అందరూ నంబరు పెద్దదైతే మంచిదనుకుంటారు, ఇక్కడ అలా కాదు, ఆరో, ఏడో మోడళ్లలో పొడవు జూమ్ కోసం వెలుగు వదులుకున్నారు.

స్టెబిలైజేషన్ గురించి కూడా పొరపాటు పడకండి, రెండిట్లోనూ ఉంది, కానీ అది మన చేతి వణుకునే ఆపుతుంది, పాప పరుగును ఆపదు.

ఒక చిన్న పని చేయండి. ఏదీ కొనకముందు మీ ఫోన్ గ్యాలరీ తెరిచి ఒక నెల ఫోటోలు కూర్చుని చూడండి, ఏ టైములో తీశారు, ఎంత దూరంలోంచి తీశారు, ఎన్నిట్లో జూమ్ చేశారు, రాసుకోండి. కొనబోయేముందు ఎవరు సలహా అడిగినా నేను ఈ పనే చెప్తాను.

ఇద్దరు_పిల్లల_అమ్మ:

మేం డల్లాస్ దగ్గర ఉంటామండి, నా దగ్గర ఉన్నది ఏడో మోడలే, పైన చెప్పిన లెక్క నిజమే కానీ నా అనుభవం కూడా చెప్పాలి. స్కూల్లో వార్షికోత్సవం అంటే తల్లిదండ్రుల్ని వెనక వరసలో కూర్చోబెడతారు, స్టేజి మీద మా పెద్దాడు కృష్ణుడి వేషంలో, 28 ఎంఎంతో తీస్తే చీమంత కనిపిస్తాడు. 200 దగ్గర వాడి మొహం ఫ్రేమంతా వచ్చింది, గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు చుక్కలు) ఉంది, ఉండనివ్వండి, వాడి కళ్లల్లో భయం కనిపిస్తోంది కదా. కంటిని పట్టుకునే ఆటోఫోకస్ కూడా వాడు ఎటు తిరిగితే అటే వెళ్లింది. వీడియో కూడా తీస్తారనుకుంటే జీఆర్‌లో ఫుల్ హెచ్‌డీ వరకే, మైకు పెట్టుకునే సాకెట్ లేదు, ఏడో దాంట్లో ఉంది. మా అమ్మ గుంటూరులో ఉంటుంది, తనకి వీడియోలే ప్రాణం, తను వాటిల్లో మాటలు వినాలి.

రాత్రిపూట ఇంట్లో నేను చేసేది చెప్తా. ఫ్లాష్ పైకి లేపాక వేలితో మెల్లగా వెనక్కి వంచి పట్టుకుంటే వెలుగు సీలింగ్‌కి తగిలి మెత్తగా కిందకి వస్తుంది, సీలింగ్ తెల్లగా ఉండాలంతే. నేరుగా కొడితే పిల్లల మొహాలు సున్నం కొట్టినట్టు వస్తాయి, ఇలా అయితే కిటికీ వెలుగులా ఉంటుంది. మీది పెంకుటిల్లు అయితే మాత్రం ఇది కుదరదు.

ఇంకొకటండీ, కెమెరా ఎక్కడ పెడతారో ముందే అనుకోండి. మాకు ఫ్రిజ్ మీద, మూత లేకుండా, పౌచ్ లేకుండా. పౌచ్‌లో ఉన్న రోజుల్లో నేను ఫోనే తీసేదాన్ని.

గోదారి_గట్టు:

ముగ్గురికీ చాలా చాలా థాంక్స్ అండి, ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. గుంటూరు అన్నగారు చెప్పినట్టు నిన్న రాత్రి కూర్చుని పోయిన నెల ఫోటోలన్నీ చూశాను. నూట నలభై పైన ఉన్నాయి. వందకి పైగా రాత్రి ఏడు నుంచి తొమ్మిదిన్నర మధ్యలో తీసినవే, అన్నీ ఇంట్లోనే, అన్నీ రెండు మీటర్ల లోపే. జూమ్ చేసినవి ఏడు. ఆ ఏడింట్లో నాలుగు గోదారి మీద పడవలు, అవి తీయకపోయినా నష్టం లేదు. గట్టు మీద, మార్కెట్లో తీసినవి ఎక్కువ ఉంటాయనుకున్నాను, పది కూడా లేవు. నేను ఏం తీస్తానని అనుకుంటున్నానో నిజానికి తీసేది అది కాదని ఇన్నాళ్లూ తెలియలేదు.

ఇంకోటి కూడా కనిపించింది, నాన్నగారివి నెల మొత్తం మీద మూడే ఉన్నాయి, రోజూ అరుగు మీదే ఉంటారు కదా ఎప్పుడైనా తీయొచ్చులే అని వదిలేస్తున్నట్టున్నాను.

కాబట్టి ఐదో మోడల్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నా. మాది స్లాబ్ ఇల్లే, సీలింగ్ తెలుపే. స్కూలు ప్రోగ్రాములకి బీరువా మీద పెద్ద కెమెరా ఎలాగూ ఉంది. హైదరాబాద్ అన్నా, మీరు రాసింది చదివాక జీఆర్ మీద మనసు పోలేదు, కానీ ఈ రెండు మూడేళ్లు పాప పరుగు ముందు. కొనేటప్పుడు ఏం చూసుకోవాలో, ట్యూబ్‌లైట్‌కి సెట్టింగులు ఏం పెట్టాలో ఎవరైనా చెప్పగలరా?

పాతబస్తీ_నడక:

మంచి పని చేసినవ్ అన్నా. నాయన ఫోటోలు మాత్రం రేపటి నుంచే మొదలుపెట్టు, కెమెరా వచ్చేదాక ఆగకు. పొద్దుటి వెలుతురుకి ఫోన్ కూడ సాలు. మా నాయినవి నా దగ్గర పన్నెండే ఉన్నయి.

లెన్సు_లెక్కలు:

సెకండ్ హ్యాండ్ అయితే మనిషి ఎదురుగా ఉండగానే ఇవి చూడండి. నాలుగైదు సార్లు ఆన్ ఆఫ్ చేసి లెన్స్ బయటకి రావడం లోపలకి వెళ్లడం చెవి పెట్టి వినండి, గీరుకున్నట్టు శబ్దమొస్తే వదిలేయండి. తర్వాత అపర్చర్ ఎఫ్/11 పెట్టి ఆకాశాన్నో తెల్లగోడనో తీసి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి, మసక మచ్చలు కనిపిస్తే సెన్సర్ మీద దుమ్ము. ఇలా లోపలికీ బయటికీ వెళ్లే లెన్స్ ఉన్న ఏ చిన్న కెమెరాకైనా దుమ్ము పీల్చే గుణం ఉంటుంది, జీఆర్ అయినా సోనీ అయినా నీళ్లు, దుమ్ము లోపలికి పోకుండా ఆపే ఏర్పాటు లేదు. నా పాత చిన్న కెమెరా ఒకటి ఇలాగే జేబు నూలుపోగులు పీల్చి పాడైంది, విప్పి శుభ్రం చేయడానికి అడిగిన డబ్బుకి ఇంకోటొచ్చేది. అందుకే జేబుని అప్పుడప్పుడు తిరగేసి దులపండి, అది ఉన్న జేబులో ఇంకేమీ వేయకండి. పైకి లేచే వ్యూఫైండర్, ఫ్లాష్ రెండూ లేపి నొక్కి చూడండి. బ్యాటరీ ఎలాగూ పాతదే ఉంటుంది, కొత్తగా 220 ఫోటోలు ఇచ్చేదే, మీరు ఒకటి కొత్తది కొనుక్కోండి.

సెట్టింగ్ విషయానికొస్తే, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైట్ సెకనుకి వంద సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. షటర్ 1/250 సెకను పెడితే ఒక ఫోటో పసుపుగా ఒకటి చీకటిగా వచ్చి కెమెరా పాడైందేమో అనుకుంటారు. ఎస్ మోడ్‌లో (షటర్ వేగం మనమే పెట్టుకునే మోడ్) 1/100 పెట్టండి, మెకానికల్ షటర్ ఉంచండి, ఐఎస్ఓ (వెలుగుని ఎంత పెంచి చూపించాలో చెప్పే నంబరు) ఆటో, పైన పరిమితి 3200. పాప గెంతుతుంటే 1/100కి చేతులు కాళ్లు కాస్త కదులుతాయి, మొహం నిలిచిన క్షణం చూసి నొక్కండి, లేదా డల్లాస్ అమ్మగారు చెప్పినట్టు ఫ్లాష్ సీలింగ్‌కి కొట్టండి, అప్పుడు పరుగు కూడా ఆగుతుంది. కుదిరితే హాల్లో ఆ ఒక్క ట్యూబ్ తీసేసి మంచి ఎల్‌ఈడీ బ్యాటెన్ వేయించండి, కెమెరా ఖర్చులో అదెంత. రా ఫైల్ (కెమెరా నున్నగా చేయని అసలు ఫైలు) ప్లస్ జేపెగ్ రెండూ పెట్టుకోండి, ప్రింట్ వేయించేటప్పుడు రా నుంచి నాయిస్ రిడక్షన్ (చుక్కల్ని నున్నగా చేసేది) తక్కువ పెట్టి తీస్తే ఆ మైనం చర్మం రాదు. కాస్త గ్రెయిన్ వస్తుంది, 12 బై 18లో అది అసలు కనపడదండి.