ఆరేళ్ల గ్రూప్స్ చదువు తర్వాత అకౌంట్స్ ఉద్యోగం కోసం మొదటి నుంచి వెతకాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న (హనుమకొండ అభ్యర్థి, ఫిబ్రవరి 2026)

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ దగ్గర ఒక పల్లె. 2017లో బీకాం పూర్తి చేసి, రెండేళ్లకు పైగా ఒక ద్విచక్ర వాహనాల షోరూములో బిల్లింగు కౌంటరు చూశాను. 2020 మొదట్లో ఆ పని మానుకుని గ్రూప్స్ చదవడానికి హైదరాబాదు వచ్చాను. కరోనా కాలంలో ఇంటి దగ్గర గడిపిన నెలలు మినహాయిస్తే, అప్పటి నుంచి అశోక్‌నగర్‌లో హాస్టలు గది, చిక్కడపల్లి గ్రంథాలయం, ఈ రెండే నా లోకం. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు, పత్తి అమ్మిన డబ్బులోంచి నా హాస్టలు ఖర్చును నాన్నగారు ముందుగా లెక్కపెట్టి పక్కన పెట్టడం చూశాను. ఆయన నన్ను ఒక్క మాటైనా అనలేదు. ఇక చదువు చాలించి ఉద్యోగం వెతుక్కోవాలని ఆ రాత్రే నిర్ణయించుకున్నాను.

ఇప్పుడు నాకు 29 ఏళ్లు. మేము డిగ్రీలో చదివినది వ్యాట్. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది కనుక దాని గురించి నాకు తెలిసినదంతా పోటీ పరీక్షల పుస్తకాల్లోనిదే. రెజ్యూమెలో ఆరేళ్ల ఖాళీని ఎలా చూపాలో తెలియడం లేదు. షోరూము పని చిన్నదని దాన్ని రాయనే లేదు. నెల రోజులుగా నౌక్రీ వెబ్‌సైటులో కనిపించిన ప్రతి ఉద్యోగానికీ దరఖాస్తు చేస్తున్నా ఒక్క పిలుపూ రాలేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1 (పన్నుల కార్యాలయం నడుపుతున్న వ్యక్తి, హైదరాబాదు)

తమ్ముడూ, మీరు రాయకుండా వదిలేసిన షోరూము పనినే నేను అన్నిటికంటే ముందు చదువుతాను. రోజూ కౌంటరులో నగదు తీసుకుని, బిల్లు కొట్టి, సాయంత్రానికి గల్లా లెక్క సరిచూసి అప్పగించిన మనిషికి డబ్బు దగ్గర జాగ్రత్త అలవడి ఉంటుంది. దాన్ని మేము నేర్పలేము. ఓచరు ఎంట్రీ (లావాదేవీలను లెక్కల్లోకి ఎక్కించడం) మాత్రం పది రోజుల్లో నేర్పగలము. ఆ పనిని రెజ్యూమెలో పైన పెట్టి, రోజుకు సుమారు ఎన్ని బిల్లులు వేసేవారో, బ్యాంకు డిపాజిట్లు, ఫైనాన్స్ కంపెనీల చెల్లింపులు మీరు చూసేవారో లేదో స్పష్టంగా రాయండి. ఆ రోజుల్లో మీకు పీఎఫ్ కోత ఉండి ఉంటే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల శాశ్వత) నంబరు ఉంటుంది. ఈపీఎఫ్‌ఓ సభ్యుల పోర్టల్‌లో లాగిన్ అయి సర్వీసు వివరాలు, చేరిన తేదీ, మానిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. కొత్త చోట చేరేటప్పుడు అదే నంబరు ఇవ్వాలి, రెండోది తీసుకోకూడదు.

ఇక నేర్చుకోవలసిన దాని గురించి. కోర్సు ఫీజు కట్టే ముందు లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ప్రైమ్‌ను ఎడ్యుకేషనల్ మోడ్‌లో ఇంట్లో పెట్టుకోండి. అది ఉచితం, కాకపోతే నెలలో 1, 2, 31 తేదీలకే ఎంట్రీలు వేయనిస్తుంది. సాధనకు అది చాలు. మీ ఊరి కిరాణా కొట్టును మనసులో పెట్టుకుని ఒక నెల కొనుగోళ్లు, అమ్మకాలు, బ్యాంకు లావాదేవీలు మీరే కల్పించి, లెడ్జర్లు తెరిచి, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిపోల్చడం దాకా పూర్తిచేయండి. ఆ తర్వాత నెల పని ఎలా సాగుతుందో తేదీల ప్రకారం అర్థం చేసుకోండి: 7వ తేదీకి టీడీఎస్ (చెల్లింపుల్లో ముందుగా కోసిన పన్ను) కట్టాలి, నెలనెలా రిటర్ను వేసేవారికి 11న జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్ను), 14న 2బి (సరఫరాదారులు చూపిన మన కొనుగోళ్ల పట్టిక) వస్తే కొనుగోలు బిల్లులతో సరిచూడటం, 15న పీఎఫ్, ఈఎస్ఐ, 20న 3బి (పన్ను లెక్క చూపి కట్టే రిటర్ను). మా కార్యాలయంలో ఎవరినైనా ఇంటర్వ్యూ చేసేటప్పుడు నేను అడిగేది దాదాపు ఇదే: సరఫరాదారు బిల్లు మన దగ్గర ఉంది, 2బిలో కనిపించడం లేదు, అప్పుడేం చేస్తారు? అతనికి ఫోన్ చేసి, తన జీఎస్టీఆర్-1లో ఆ బిల్లు చూపించమని అడుగుతానని, అది 2బిలోకి వచ్చేదాకా ఆ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నును మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) తీసుకోనని చెప్పిన వారిని నేను వదులుకోను.

వెనుకబడిపోయానని బెంగపడకండి. కొత్త ఆదాయపు పన్ను చట్టం ఈ ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వస్తోంది కనుక, ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మేము కూడా సెక్షన్ల నంబర్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంటున్నాం. పైగా మార్చి నెలాఖరుకు ఏడాది లెక్కలు ముగించాలి, ఆ వెంటనే రిటర్నుల కాలం. చిన్న కార్యాలయాలకు మనుషులు అవసరమయ్యేది ఇప్పుడే. రెజ్యూమె పట్టుకుని నేరుగా వెళ్లండి. 20వ తేదీకి ముందు రోజుల్లో మాత్రం వెళ్లవద్దు, ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది. అయినా పదిరకాల వ్యాపారాల లెక్కలు ఒకేచోట చూసే అవకాశం పెద్ద కంపెనీలో దొరకదు.

జవాబు 2 (పేరోల్ (జీతాల) విభాగంలో పనిచేస్తున్న మహిళ, వరంగల్)

మా పాప పుట్టాక నేను ఏడేళ్లు ఉద్యోగానికి దూరంగా ఉన్నాను కనుక ఖాళీ గురించి మాత్రం చెబుతాను. మొదటి రెండు ఇంటర్వ్యూల్లో ఆ ప్రశ్న రాగానే సంజాయిషీ ఇస్తున్నట్టు చాలాసేపు మాట్లాడాను, రెండు చోట్లా పని కాలేదు. మూడోసారి, "ఈ ఏడేళ్లు ఇంటిని చూసుకున్నాను, గత మూడు నెలలుగా ఎక్సెల్, పీఎఫ్ చలాన్లు మళ్లీ సాధన చేస్తున్నాను, కావాలంటే ఇప్పుడే చేసి చూపిస్తాను" అని చెప్పి ఊరుకున్నాను. వారు నిజంగానే ఒక షీటు ఇచ్చి చేయించారు. మీరు కూడా "2020 నుంచి 2026 వరకు గ్రూప్స్ పరీక్షలకు సిద్ధమయ్యాను" అని ఒక్క వరుసలో రాయండి. ఖాళీని దాచడానికి, లేని అనుభవం కల్పించి రాస్తే పీఎఫ్ సర్వీసు వివరాలు చూసినప్పుడు బయటపడుతుంది. మళ్లీ నోటిఫికేషన్ వస్తే వెళ్లిపోతారా అని తప్పక అడుగుతారు. ఆ జవాబు ముందుగా మీకు మీరే నిజాయితీగా చెప్పుకోండి.

ఇంకొకటి. ఉద్యోగం ఖాయమైంది, రిజిస్ట్రేషన్‌కో ల్యాప్‌టాప్‌కో డబ్బు పంపండి అని ఎవరైనా ఫోన్ చేస్తే పంపవద్దు. నెలల తరబడి వెతుకుతున్న మనిషికి అలాంటి పిలుపు నమ్మాలనిపిస్తుంది, అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. ఒకవేళ పంపి ఉంటే ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ప్రశ్న అడిగినవారి మాట (పది రోజుల తర్వాత)

ఇద్దరికీ కృతజ్ఞతలు. యూఏఎన్ పోర్టల్ తెరిచి చూస్తే 29 నెలల సర్వీసు ఉంది, మానిన తేదీ మాత్రం నమోదు కాలేదు. పాత షోరూముకు వెళ్లి చెప్పగా నమోదు చేయించి, సర్వీసు లేఖ కూడా ఇచ్చారు. మా మేనమామ కొట్టు జనవరి బిల్లులు తెచ్చుకుని టాలీలో వేస్తున్నాను. నిన్న హనుమకొండలో మూడు పన్నుల కార్యాలయాలకు వెళ్లాను. రెండు చోట్ల రెజ్యూమె తీసుకుని ఉంచారు. మూడో చోట, రోజుకు ఎన్ని బిల్లులు వేసేవాడివని అడిగి, 2బి అంటే ఏమిటో చెప్పించుకుని, 25వ తేదీన ఉదయం పదింటికి రమ్మన్నారు.