ఈ వారం సమస్య: "పెండ్లి యాడిన వారికిఁ బ్రేమ లేదు"

నిర్వాహకుడు: తేటగీతి పద్యంలో ఒక పాదం ఇది, మామూలుగా చివరిది. మిగతా మూడూ మీరు అల్లాలి. ఇది నేను అల్లిన విడ్డూరం కాదు. ఫ్రాన్సులో షాంపేన్ సీమ దొరసాని, కౌంటెస్ మారీ 1174 మే 1న ఇచ్చిన తీర్పంటూ ఆండ్రియాస్ కపెల్లానస్ అనే రచయిత ప్రేమ గురించిన తన లాటిన్ గ్రంథంలో ఒక ఉత్తరం చేర్చాడు. ఆలుమగల మధ్య ప్రేమ చెల్లదని దాని సారం. అలాంటి ప్రేమ న్యాయస్థానాలు నిజంగా నడిచాయంటే చాలామంది చరిత్రకారులు నమ్మరు, కొలువులో కాలక్షేపం అంటారు. మనకు పద్యానికి అది చాలు. ఆ దేశం, ఆ కాలం దాటకుండా పూరించండి.

పిపాసి:
కొలువు దొరసాని తీర్పిడెఁ గోరినంత
అడుగకుండ నిచ్చునదియె యసలు వలపు
కట్టువడి యిచ్చునది యప్పు కట్టినట్లు
పెండ్లి యాడిన వారికిఁ బ్రేమ లేదు

నిర్వాహకుడు: ఉత్తరంలోని తర్కం సరిగ్గా పట్టారు. ప్రేమికులు తమంతట తాము ఇచ్చుకుంటారు, దంపతులు బాధ్యతకు కట్టుబడి ఇస్తారు అనే కదా ఆమె వాదన. మూడో పాదం చదవగానే నా ఈఎంఐ గుర్తొచ్చింది. కానీ పద్యం నడుమ అచ్చుతో పాదం ఎత్తుకోకూడదు. "గోరినంత / నడుగకుండ" అనండి, యతి (పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) చెడదు. "అసలు" అరబ్బీ మాట, పక్కన గ్రాంథికం ఉండగా పంటికింద రాయిలా ఉంది.

గోదారి:
కోటఁ జూచియుఁ బొలముల కొలతఁ జూచి
తండ్రి నిర్ణయమున కొగ్గి తాళిఁ గట్టి
మనసు మాట మరొక్కరి మదినిఁ దాచి
పెండ్లి యాడిన వారికిఁ బ్రేమ లేదు

పిపాసి: అన్నగారూ, షాంపేనులో తాళి ఎక్కడిదండీ!

గోదారి: నిజమే, చెయ్యి అలవాటుగా రాసేసింది. "తలను వంచి" అని మార్చాను. యతి అలాగే ఉంది.

నిర్వాహకుడు: మార్చాకే బాగుంది. పెళ్లంటే భూముల ఒప్పందమైనప్పుడు వలపు బయట వెతుక్కోవడం వింతేం కాదు. మూడో పాదం ఈ పద్యానికి ప్రాణం.

పొలంగట్టు: ఇద్దరూ కోటలోనే తిరిగారు. ఆండ్రియాస్ గ్రంథంలో ప్రేమ సంభాషణలు 8. మాట్లాడుకునేది సామాన్యులు, కులీనులు, అంతకంటే పైవాళ్లు. ఒకచోట దొరసాని సామాన్యుడి లావు పిక్కలను, పెద్ద పాదాలను ఎత్తిపొడుస్తుంది. రైతుకు ఆ మాత్రం సంభాషణ కూడా దక్కలేదు. రైతుల కలయిక గుర్రాల, కంచరగాడిదల కలయికలాంటిదంటాడు. పల్లెపిల్ల మీద మనసైతే కాస్త పొగిడి, ఆపైన బలవంతానికి దిగమని సలహా కూడా ఇచ్చాడు. అందుకే రైతు ఇల్లాలి చేత చెప్పించాను. సమస్యను మొదటి పాదంగా పెట్టాను, ఏమనుకోకండి.

పెండ్లి యాడిన వారికిఁ బ్రేమ లేదు
గాక కోటలో, మా యింటఁ గలదు వినుము
దుక్కి దున్నెడి మగఁడు నాతోడ నవ్వు
రొట్టె విఱిచి సగము పెట్టు రోజు రోజు

గోదారి: "లేదు గాక" అన్న విరుపు దగ్గర ఆగిపోయాను. సమస్యను కాదనకుండానే కోటకు నెట్టేశారు. దొరసానికి రొట్టెముక్కతో జవాబు!

నిర్వాహకుడు: ఈ వారానికి ఇదే నా ఓటు. 1277లో పారిస్ బిషప్ ఆ గ్రంథాన్ని ఖండించాడు, కానీ ఈ ఇల్లాలి తరఫున కాదులెండి.

పిపాసి: ఒక్క సందేహం మాస్టారూ. నా "అసలు" పంటికింద రాయి అన్నారు. ఈ "రోజు" పారసీ మాట కాదా?

నిర్వాహకుడు: దొరికిపోయాను. "రొ"కు యతి కుదిరే తెలుగు మాట ఎవరికైనా తడితే చెప్పండి. అప్పటిదాకా మీ "అసలు" కూడా ఉంచుకోండి.