అప్‌డేట్: ఫ్రీజర్ బాక్స్ షాపులో జ్ఞాపికలు పెట్టాను

ఫ్రీజర్ బాక్సు, వైకుంఠ రథం అద్దెకిచ్చే మా షాపులో పోయినవాళ్ల గుర్తుగా జ్ఞాపికలు కూడా పెడితే నడుస్తుందా అని 4 నెలల కింద అడిగాను కదా. పెట్టాను. క్రిస్టల్ ఫొటోలు (గాజు దిమ్మలో బొమ్మ చెక్కినవి) 10 తెప్పిస్తే ఒక్కటే అమ్ముడుపోయింది, మిగతావి రోజూ దుమ్ము దులుపుతున్నా. నడిచినవి స్టీలు డబ్బాలు! పెద్దకర్మకి వచ్చినవాళ్లకి పంచడానికి, మూత మీద 'జ్ఞాపకార్థం' అని పేరు, తేదీలు లేజర్‌తో చెక్కించి ఇస్తున్నాం. ఒక్కో ఇంటికి 150 దాకా తీసుకుంటున్నారు.

చావింట్లో అమ్మకం మాట ఎత్తొద్దని మీలో ఒకరన్నారు. నిజమే. బాక్సు అద్దె బాకీ కోసం నాలుగో రోజో ఐదో రోజో వెళ్లినప్పుడు శాంపిల్ డబ్బా ఒకటి అక్కడ పెట్టి వచ్చేస్తా, వాళ్లే ఫోన్ చేస్తారు.

ఒక దెబ్బ కూడా తగిలింది. ఫోన్‌లో విని రాసుకుంటే 'వెంకటరమణ' కాస్తా 'వెంకటరమణమ్మ' అయింది. 120 డబ్బాలు నా నెత్తినే పడ్డాయి. ఇప్పుడు ఇంటివాళ్ల చేతే కాగితం మీద రాయించుకుంటున్నా.

పోయినవాళ్ల విగ్రహాలు అడిగేవాళ్లని, శిల్పులుండే తెనాలి పంపిస్తున్నా. అవి పదకొండు రోజుల్లో అయ్యే పని కాదు, సంవత్సరీకానికైతే అందుతాయి.